ఎంగిలి నూనె

ఆత్మకథ మొదలుపెట్టేముందు ఒక చిక్కుంది. మా బాక్టీరియాల్లో పుట్టుక అంటే ఒకటి రెండుగా చీలడమే. చీలాక తల్లెవరో పిల్లెవరో తేల్చే మధ్యవర్తి లేడు. అందుకని 'నేను' అన్నచోటల్లా మా వంశమంతా అనుకోండి. ఇంటిపేరు ఆల్కానివోరాక్స్. ఉత్తర సముద్రంలో బోర్కుమ్ దీవి దగ్గర దొరికిన మా బంధువుకి 1998లో శాస్త్రవేత్తలు పెట్టిన పేరు అది. నూనెలోని ఆల్కేన్లను, అంటే కర్బనం గొలుసులను, మింగేదని అర్థం. అంతకుముందు మేం లేనట్టే! బందరు రేవుకి 1611లో ఇంగ్లీషువాళ్ళ ఓడ వచ్చేసరికే సముద్రంలో మా కాపురం ఉంది. తెరచాపలకి డీజిలు అక్కర్లేదు గనక మా సంగతి ఎవరికీ పట్టలేదు.

ఐదొందలమందిమి వరసగా పడుకుంటే ఒక మిల్లీమీటరు అవుతాం. బందరు లడ్డు తెచ్చి వేసినా అందులో తీపి నాకు సయించదు. మామూలు రోజుల్లో గంజి బతుకే. నీటిమీద ఎండ తాగి బతికే సూక్ష్మజీవులు ఒంట్లో కాస్త ఆల్కేన్ తయారుచేసుకుంటాయి. అవి చచ్చాక మిగిలే ఆ జిడ్డే మాకు ఆధారం. నూనె పడిందా, ఇక పండగ. చుక్కకి అతుక్కుని సబ్బులాంటిది వదిలి దాన్ని తుంపరలు చేస్తాను. నీటిలోని ఆక్సిజన్ తెచ్చి నూనె గొలుసు కొసకి తగిలిస్తాను. అక్కడినుంచి అది కొవ్వు ఆమ్లం. కొంత నా ఒళ్ళవుతుంది, మిగతాది బొగ్గుపులుసు వాయువూ నీళ్ళూను.

ఒట్టి నూనెతో మాత్రం కడుపు నిండదు. నత్రజని, భాస్వరం కూడా కావాలి. గుడివాడ రైతు వరికి యూరియా, డీఏపీ ఎందుకు చల్లుతాడో అందుకే. 1989లో అలాస్కాలో నౌక పగిలి తీరమంతా నూనె పూసుకున్నప్పుడు అక్కడి రాళ్ళమీద మా వాళ్ళకోసం ఎరువు చల్లారు. 2010లో మెక్సికో సింధుశాఖలో బావి పేలి 87 రోజులు నూనె కక్కింది. అప్పుడూ మా బంధువులు, మరికొన్ని జాతులవాళ్ళు గుంపులుగా పెరిగి తినగలిగింది తిన్నారు. 'నూనె మింగే వీరులు' అని మెచ్చుకున్నారు. చిత్తడినేలల్లోకి ఇంకిపోయిన నూనె సంగతి ఆ మెప్పులో మునిగిపోయింది.

ఆ మెప్పే మా కొంప ముంచింది. ఎంత నూనె పడినా మేం మింగేస్తామని ధీమా పెరిగింది. కానీ అన్నీ మావల్ల కావు. 2017 జనవరి 28న ఎన్నూరు దగ్గర రెండు నౌకలు ఢీకొని చిక్కటి ఇంధనం ఒడ్డుకి కొట్టుకొస్తే మనుషులు రోజుల తరబడి బకెట్లతో తోడారు. అంత చిక్కటిది మాకు నెలల పని.

మా ఊరి గోడు ఇంకా చిన్నది, రోజూది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్లకి వేట నిషేధం. బందరు పక్కన గిలకలదిండిలో బోట్లు రేవుకి చేరి మరమ్మతులకి కూచుంటాయి. ఒక పొద్దున ఇంజను కింద దూరి పాత ఆయిలు దింపుతున్నాడొకడు. పక్కన కుర్రాడు క్యాను పట్టుకున్నాడు.

"మావయ్యా, ఒడ్డుకి పట్టుకెళ్ళనా?"

"ఎందుకురా, ఏట్లో పొయ్యి. పాటు మీద పోద్ది."

కుర్రాడు అటూ ఇటూ చూసి వంచాడు. నల్లగా దిగింది, అంచున ఇంద్రధనుస్సు విచ్చుకుంది. డీజిలైతే సుళువుగా నమిలేవాణ్ణి. ఇది మాడి మాడి, ఇనప రజను కలిసిన ఎంగిలి నూనె. అందులో పొడవాటి తిన్నని గొలుసులు తక్కువ, కొమ్మలూ వలయాలూ ఎక్కువ. పంటికి దిగదు.

పాటు మీద పోయింది. నిజమే. పోటు మీద తిరిగొచ్చింది. ఈసారి మడచెట్ల మధ్యకి.

నల్లమడ చెట్టు చుట్టూ పెన్సిళ్ళలా నిలబడే వేర్లు చూశారా? అవి దాని ముక్కులు. వాటికి నూనె పూత పడితే చెట్టుకి ఊపిరాడదు. నూనె బురదలోకి దిగితే నా పనీ అంతే. వేలెడు లోతు దాటితే అక్కడ గాలి లేదు. కంచంలో తిండి, ముక్కు మూసుకుని! ఇంచుమించు మారకుండా ఏళ్ళ తరబడి ఆ నూనె అక్కడే ఉంటుంది. మడచెట్లు చస్తే ఉప్పెనకి అడ్డు ఉండదు. 1977 నవంబరు 19 ఉప్పెన చూసిన దివిసీమ పెద్దలకి చెట్టు అడ్డుంటే ఏమిటో తెలుసు. సొర్లగొంది, నాగాయలంక వైపు అడగండి.

మావయ్యా, కుర్రాడు అడిగింది మంచి మాటే. పాత ఆయిలు కొనేవాళ్ళు బజారులో ఉన్నారు. క్యానుకి మూత బిగించి ఒడ్డుకి పంపు.