మీదే ఊరండీ?

“అంతా తోలుకొచ్చిన జనమేనండీ!” ఏ పార్టీ సభ జరిగినా సరే, మర్నాడు పొద్దున టీ కొట్టు దగ్గర మొదటి గుక్క గొంతు దిగకముందే వెలువడే తీర్పు ఇది. తీర్పు చెప్పే పెద్దమనిషి సభకు వెళ్లి ఉండడు, వెళ్లినవాణ్ణి అడిగీ ఉండడు. పేపర్లో ఫొటో చూసి, తలలు లెక్కపెట్టి, తలకింత అని కూలి కట్టి, పైన బిర్యానీ పొట్లం కలిపి లెక్క తేల్చేస్తాడు. నాలుగు రోజులుగా ఈ మాట నా చెవిలో జోరీగలా తిరుగుతోంది. పచ్చి అబద్ధమైతే దులిపేసుకోవచ్చు; సగం నిజం కావడమే చిక్కు. లారీల్లో జనాన్ని తేవడం, కూలి ఇవ్వడం, పొట్లాలు పంచడం మనకు కొత్త కాదు. ఎన్నికలప్పుడు జిల్లా అధికారులే టీకింత, బిర్యానీకింత, కుర్చీ అద్దెకింత, కండువాకింత అని ధరల పట్టిక వేసి అభ్యర్థి ఖాతాలో రాస్తారు. ఆ ఖర్చు అసెంబ్లీకైతే 40 లక్షలు, లోక్‌సభకైతే 95 లక్షలు దాటకూడదు. ఇన్ని కుర్చీలు, ఇన్ని పొట్లాలు ఆ 40 లక్షల్లో ఎలా సర్దుతారో, నెలాఖరున ఇల్లు నడిపే ఆడవాళ్లందరికీ పార్టీలవాళ్లు తరగతులు పెట్టి నేర్పాలి.

కానీ ఈ కూలి సిద్ధాంతం గచ్చిబౌలిలో దిగగానే చతికిలబడుతుంది. ఇక్కడి ఐటీ ఉద్యోగిని మూడొందలిచ్చి తోలుకురావడం ఎవరి తరం? అతను సభ దాకా వచ్చే క్యాబుకే అంతకన్నా ఎక్కువవుతుంది. బిర్యానీ అంటారా, అది అతనికి ఫోను నొక్కితే పద్దెనిమిదో అంతస్తుకు వచ్చే పదార్థం. అయినా వస్తాడు. 2023 సెప్టెంబరు 9న నంద్యాలలో చంద్రబాబు నాయుడిని అరెస్టు చేసిన కొద్ది రోజులకే విప్రో సర్కిల్ దగ్గర ఐటీ ఉద్యోగులు గుమిగూడారు. సెప్టెంబరు 24న కార్లు వరసగట్టి, ఆయన జైల్లో ఉన్న రాజమండ్రికి బయల్దేరారు. సరిహద్దులో పోలీసులు అడ్డం పడ్డారు. అక్టోబరు 14న నల్ల టీషర్టులు తొడుక్కుని మియాపూర్ నుంచి ఎల్బీ నగర్ దాకా మెట్రో ప్రయాణం పెట్టుకున్నారు. అక్టోబరు 29న సైబర్ టవర్స్‌కు పాతికేళ్లు నిండుతున్నాయని గచ్చిబౌలి స్టేడియంలో చంద్రబాబుకు కృతజ్ఞతగా సంగీత కచేరీయే చేశారు. మేనేజరు ఫోను చేస్తే ‘స్టాండప్‌లో ఉన్నానండీ’ అన్నవాళ్లు అబద్ధమాడినట్టు కాదు, నిలబడే ఉన్నారు. మిగతా పార్టీలవాళ్లు దీన్ని చూసి నవ్వుకునే పని లేదు. 2018 సెప్టెంబరు 2న కొంగరకలాన్‌లో గులాబీ సభ, 2023 సెప్టెంబరు 17న తుక్కుగూడలో కాంగ్రెస్ సభ, రెండూ ఈ ఔటర్ రింగు రోడ్డు పక్కనే. రంగు మారుతుంది, రోగం ఒకటే.

డబ్బు కాకపోతే నాయకుడి మీద అభిమానమే కదా లాక్కొచ్చింది అంటారు. అక్కడే నా పేచీ. లెక్కల మాస్టారు చెప్పినట్టు, ఏది ముఖ్యమో తెలియనప్పుడు ఒక్కొక్కటే తీసేసి చూడాలి. 2023లో గచ్చిబౌలి తనకు తెలియకుండానే ఆ ప్రయోగం చేసింది. సభలోంచి నాయకుణ్ణి తీసేసింది. కచేరీ జరిగిన రోజున చంద్రబాబు రాజమండ్రి జైల్లో ఉన్నారు. మధ్యంతర బెయిలు వచ్చింది ఆ తర్వాత రెండు రోజులకు, 31న. అంటే పెళ్లికొడుకు లేని పెళ్లికి జనం వచ్చారు, పాటలు విన్నారు, ఫోన్లలో దీపాలు వెలిగించారు, కడుపు నిండినట్టు ఇళ్లకు వెళ్లారు. మెట్రో సంగతి ఇంకా గట్టి సాక్ష్యం. 29 కిలోమీటర్లు, 27 స్టేషన్లు. వేదిక లేదు, మైకు లేదు, దండ లేదు. దారి పొడుగునా వినపడ్డ ప్రసంగమల్లా ‘తర్వాతి స్టేషన్ ఫలానా, తలుపులు ఎడమవైపు తెరుచుకుంటాయి’ అన్నదే. తెరుచుకుంటాయన్న తలుపులు ప్రతిసారీ తెరుచుకున్నాయి కూడా. చెప్పింది చెప్పినట్టు జరిగిన రాజకీయ యాత్ర మన రెండు రాష్ట్రాల్లో అదొక్కటే అయి ఉంటుంది. నాయకుణ్ణి తీసేసినా సభ మిగిలింది. ఇప్పుడు తిరగేసి చూడండి: నాయకుణ్ణి ఉంచి పక్కనున్న సాటి అభిమానిని తీసేయండి. మిగిలేది టీవీ. టీవీ ముందు కూర్చుని ఒంటరిగా జై కొట్టేవాణ్ణి ఇంట్లోవాళ్లు డాక్టరుకు చూపిస్తారు.

కాబట్టి సభకు వెళ్లేది నాయకుణ్ణి చూడటానికి కాదు, మనలాంటివాణ్ణి చూడటానికి. మన పెళ్లిళ్లలో చూడండి. పీటల మీద ఏం జరుగుతోందో పురోహితుడికీ వీడియోవాడికీ తప్ప ఎవరికీ పట్టదు. మిగతా పందిరంతా ‘ఏమోయ్, ఎప్పుడొచ్చావ్’తో గలగలలాడుతుంది. సభా అంతే. ఇద్దరు అభిమానులు భుజాలు రాసుకుని నిలబడగానే మొదలయ్యే సంభాషణలో పార్టీ విధానమన్నది మచ్చుకైనా ఉండదు. ‘మీదే ఊరండీ?’ ‘గుంటూరండీ.’ ‘గుంటూరంటే టౌనేనా?’ ‘కాదండీ, పొన్నూరు దగ్గర.’ ‘పొన్నూరా! మా మేనత్తను నిడుబ్రోలులోనే ఇచ్చాం!’ ఇక అక్కడి నుంచి ఇంటిపేరు, ఇంటిపేరు నుంచి ఇంజనీరింగు కాలేజీ, కాలేజీ నుంచి కంపెనీ, కంపెనీ నుంచి ఫ్లాటు. చివరికి తేలేదేమిటంటే ఇద్దరూ ఒకే అపార్టుమెంటు, ఏడేళ్లుగా ఒకే లిఫ్టు, ఇన్నాళ్లూ ఇద్దరూ లిఫ్టు గోడ మీది అంకెల్ని చూస్తూ దిగారు. గేటెడ్ కమ్యూనిటీలో పక్క తలుపు తట్టాలంటే ముందు యాప్‌లో అనుమతి అడగాలి. సభలో అక్కర్లేదు. మెడలో కండువా ఉంటే చాలు.

కండువా అన్నాను కాబట్టి అక్కడ కాస్త ఆగాలి. ఇప్పుడు పార్టీలు పంచే గుడ్డకూ కండువాకూ ఆ పేరు తప్ప చుట్టరికం లేదు. అసలు కండువా నూలుది. చెమట తుడిచేది, ఎండకు తలపాగా అయ్యేది, చెట్టు కింద దులిపి పరిస్తే పక్క అయ్యేది, సంతలో మూట అయ్యేది. అన్నిటికీ మించి, ఆర్టీసీ బస్సు ఆగీ ఆగకముందే కిటికీలోంచి విసిరితే సీటు అయ్యేది. తువ్వాలు పడిన సీటులో ఇంకొకడు కూర్చోడు. కూర్చుంటే తగువు, తగువులో బస్సంతా తువ్వాలు పక్షమే. ఈ విద్యను మన నాయకులు అసెంబ్లీ దాకా తీసుకుపోయారు, అంతే. సీటు ఎటు ఖాళీ అయితే అటు కండువా. మన భాషలో ఎవడూ పార్టీలో ‘చేరడు’, ‘కండువా కప్పుకుంటాడు’. సిద్ధాంతం బుర్రలోకి ఎక్కాలంటే ఏళ్లు పడుతుంది, మెడ చుట్టూ పడాలంటే ఒక్క ఫ్లాష్ చాలు. మరి ఆ గుడ్డ చూస్తే పాలిస్టరు. చెమట పీల్చదు, చలికి ఆగదు, తల తుడుచుకుంటే నీళ్లు ఈ చెవి దగ్గర నుంచి ఆ చెవి దగ్గరికి చేరతాయి. సభ అయ్యాక బైకు తుడుద్దామన్నా దుమ్ము అంటదు. ఏదీ అంటకపోవడమే దాని గుణం కాబట్టి రాజకీయాలకు సరిపోయింది.

ఇది ఎగతాళి అనుకునేవాళ్లు మన నియోజకవర్గం వంకే చూడొచ్చు. గచ్చిబౌలి ఉన్నది శేరిలింగంపల్లిలో. ఇక్కడి శాసనసభ్యులు అరెకపూడి గాంధీ గారు 2014లో పసుపు కండువాతో, 2018లోనూ 2023లోనూ గులాబీ కండువాతో గెలిచారు. 2024 జూలైలో ముఖ్యమంత్రి ఆయన మెడలో ఒక కండువా కప్పారు. అది ఏ కండువా అన్నదే తర్వాతి కథంతా. సెప్టెంబరులో, ఆనవాయితీగా ప్రతిపక్షానికి ఇచ్చే ప్రజా పద్దుల సంఘం అధ్యక్ష పదవి ఆయనకు దక్కింది. ‘అయితే మీరు మావారే కదా, గులాబీ కండువా పట్టుకుని మీ ఇంటికే వస్తాను’ అని హుజూరాబాద్ శాసనసభ్యులు బయల్దేరబోయారు. ఈయనే ముందుగా వాళ్లింటికి వెళ్లారు. నగరమంతా ఆ పూట టీవీకి అతుక్కుపోయింది. ఫిరాయింపులను ఆపడానికి 1985లో 52వ సవరణతో రాజ్యాంగానికి ఏకంగా ఒక షెడ్యూలే చేర్చుకున్న దేశంలో, చివరికి పదిమంది ఎమ్మెల్యేల కండువాల రంగు మూడు నెలల్లో తేల్చమని 2025 జూలై 31న సుప్రీంకోర్టు సభాపతికి చెప్పవలసి వచ్చింది. మూరెడు గుడ్డకు ఇంత మర్యాద మరే దేశంలోనూ దొరకదు. అయితే ఒకటి. పెద్దల ముందుకు వెళ్తే భుజం మీది కండువా తీసి చంకలో పెట్టుకోవలసిన కులాలు మన ఊళ్లలో ఉండేవి. భుజాన గుడ్డ ఉంచుకోవడమే తిరుగుబాటైన తాతలకు, ఏ రంగుదైనా సరే అని కప్పించుకునే మనవల్ని చూస్తే ఏమనిపించేదో.

సరే, విషయానికొద్దాం. ఇక్కడ నాకు రెండు అభ్యంతరాలు ఎదురవుతాయి. మొదటిది: వాళ్లు వచ్చింది కృతజ్ఞతతో, దాన్ని పేరంటం చేసి చూపిస్తావేమిటి? వాజ్‌పేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించింది 1998 నవంబరు 22న. ఆ కచేరీకి వచ్చిన పాతికేళ్ల కుర్రాడు ఆ భవనానికి కవల సోదరుడు. భవనం లేచేనాటికి అతను బోర్లా పడుతున్నాడు. అతని కృతజ్ఞత దొంగదని నేననను. అది వారసత్వపు ఆస్తి. ఎకరం అమ్మి ఇంజనీరింగు ఫీజు కట్టిన తండ్రి, ఎకరంతో పాటు అభిమానాన్నీ కొడుక్కి బదలాయించాడు. అలాంటి ఆస్తి ఉన్నవాడు తోటి వారసుణ్ణి వెతుక్కుంటాడు, గట్టు తగాదా లేకుండా మాట్లాడుకోవడానికి. రెండో అభ్యంతరం గట్టిది: ‘మీదే ఊరండీ’ అన్నది ‘మీరేవిట్లు’ అన్న ప్రశ్నకు తొడిగిన ఇస్త్రీ చొక్కా కాదా? చాలాసార్లు అవును. ఒప్పుకోక తప్పదు, ఒప్పుకోవడం నాకు ఇష్టమూ లేదు. ఊరు తర్వాత ఇంటిపేరు అడిగే తొందరలోనే గుట్టు బయటపడుతుంది. అద్దాల మేడలో అమెరికా వేళల్లో పనిచేస్తూ, నాలుగు దేశాల కోడు రాస్తూ, సాటి మనిషిని మాత్రం ఇంటిపేరుతో తూచేవాళ్లను చూస్తే నాకు నవ్వు రాదు. కానీ ఇది నా వాదనను కూల్చదు, నిలబెడుతుంది. కులం కోసం వచ్చినవాడూ నాయకుడి కోసం రాలేదు. పక్కవాడి కోసమే వచ్చాడు, కాకపోతే పక్కవాడెవరో ముందే నిర్ణయించుకుని వచ్చాడు.

2023 సెప్టెంబరు 26న అప్పటి మంత్రి కేటీఆర్ అడిగిన ప్రశ్న కూడా ఇదే వరసలోది: ఆంధ్ర గొడవకు హైదరాబాద్‌లో ర్యాలీలేమిటి, అక్కడికే వెళ్లి చేసుకోవచ్చు కదా అని. రాజకీయంగా అది ఎలాంటి మాటో రాజకీయులు తేల్చుకోనీ. నాకు తోచే జవాబు ఒకటే. గొడవ ఆంధ్రలోనే ఉండొచ్చు, ఒంటరితనం ఉన్నది గచ్చిబౌలిలో. పొన్నూరులో ఉన్నవాడు ‘మీదే ఊరండీ’ అని ఎవర్ని అడుగుతాడు?

ఇంతవరకు నవ్వుతూ నెట్టుకొచ్చాను. అంకెల దగ్గరికొచ్చేసరికి నవ్వు తగ్గుతోంది. 2023 నవంబరు 30న తెలంగాణ ఎన్నికల్లో శేరిలింగంపల్లి ఓటర్లు ఏడు లక్షల పైచిలుకు, రాష్ట్రంలోనే అందరికన్నా ఎక్కువ. రాష్ట్రమంతా 71 శాతం దాటి ఓటేస్తే ఇక్కడ సగం మంది కూడా పోలింగ్ బూత్ దాకా రాలేదు. ఆరు నెలలు తిరక్కుండానే 2024 మే 13న ఆంధ్రలో ఎన్నికలొచ్చాయి. ఆంధ్ర దారిలో పంతంగి టోల్ గేటు దగ్గర కార్లు బారులు తీరాయి, ఆంధ్రలో 81 శాతం పైన పోలయింది. అదే రోజు ఇక్కడా చేవెళ్ల లోక్‌సభ పోలింగు ఉంది. ఓటు ఉన్న ఊళ్లో బతుకు లేదు, బతుకు ఉన్న ఊరి మీద ఓటుకు ధ్యాస లేదు. అయితే ఈ ఊరి కోసం నిలబడ్డవాళ్లూ ఉన్నారు. 2025 మార్చి నెలాఖరున కంచ గచ్చిబౌలి 400 ఎకరాల్లోకి బుల్‌డోజర్లు దిగినప్పుడు అడ్డం నిలబడ్డ విద్యార్థుల్లో ఏ ఊరివాళ్లు లేరు గనక? ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పనులు ఆపమనే దాకా, వాళ్లు కలిసి నిలబడింది గచ్చిబౌలి కోసమే. ఊరు అడక్కుండా కూడా పక్కన నిలబడొచ్చని వాళ్లకు ఎవరు చెప్పారో.

విప్రో సర్కిల్ నుంచి ర్యాలీ ఏదైనా కదిలితే అది దాటిపోయే ప్రతి గేటు దగ్గరా ఒక సెక్యూరిటీ మనిషి నిలబడి చూస్తుంటాడు. అతని ఓటూ ఇక్కడ లేదు, ఎక్కడో ఒడిశాలోనో బిహార్‌లోనో ఉంటుంది. అతనికీ ఎవరో ఒక నాయకుడు ఉండే ఉంటాడు. కండువాలు వెళ్తున్నంతసేపూ గొలుసు దించి పట్టుకుంటాడు, వెళ్లిపోయాక మళ్లీ కడతాడు. ఆ గుంపులో ఇన్ని వందల నోళ్లలో నలిగే ఆ ఒక్క ప్రశ్న, అతన్ని అడిగేవాడు ఉండడు.