తూకం బాబాయి

ఊరికొక తూకం బాబాయి ఉంటాడు. కళ్లజోడు మరిచిపోతాడు గానీ గ్రాములో వందో వంతు చూపించే బుల్లి కాటా మాత్రం జేబు దాటదు. పెళ్లికెళ్లినా దినానికెళ్లినా ఆ ఇంటి బీరువాలో పాత వెండి రూపాయలున్నాయేమోనని ఆరా. ఒకటి చిక్కిందంటే విక్టోరియా రాణిని కాటా మీద పడుకోబెట్టి తీర్పు చెప్పేస్తాడు: "11.42! పావు గ్రాము తరుగు. నూరేళ్లు చేతులు మారిందమ్మా ఇది." ఆయన మాటకు ఆధారం లేకపోలేదు. 1835 నుంచి ఈస్టిండియా కంపెనీ, తర్వాత రాణి ముద్రించిన రూపాయి సరిగ్గా తులం, అంటే 180 గ్రెయిన్లు, 11.66 గ్రాములు, పన్నెండింట పదకొండు పాళ్లు వెండి. నూటికి రెండు పాళ్లకు మించి అరిగితే 1906 చట్టం ప్రకారం అది చెల్లేది కాదు. తూకం పిచ్చి బాబాయికే కాదు, సర్కారుకూ ఉండేది.

చిక్కల్లా తరుగును చూసి వయసు చెప్పడంతోనే. నాణేన్ని అరగదీసేవి ఏళ్లు కావు, చేతులు, సంచులు, పక్కనున్న నాణేలు. కుండలో పెట్టి దాచిన 1840 రూపాయి ఇవాళ దాదాపు నిండు తులం తూగవచ్చు. సంతలన్నీ తిరిగిన 1919 రూపాయి దానికంటే తేలికవుతుంది. ఎత్తుగా ఉన్నది ముందు పోతుంది కాబట్టి రాణిగారి చెవి మీది జుట్టు నున్నబడిపోయినా, అంచు చాటున అక్షరాలు ఇంకా చదవగలం. వెండి బేడ (రెండణాల నాణెం) సంగతి మరీ అన్యాయం. వెడల్పు రూపాయిలో సగం, బరువు ఎనిమిదో వంతు. అంటే బరువుతో పోలిస్తే రాపిడికి ఒడ్డే ఒళ్లు రెట్టింపు. పైగా చిల్లర ఒకచోట నిలవదు. బాబాయి లెక్కన చూస్తే బేడ ఎప్పుడూ రూపాయికి తాతే. ఇక నిజాం చార్మినార్ రూపాయి చేతికొస్తే, "అర గ్రాము పోయింది, పాపం!" అని నిట్టూరుస్తాడు. ఆ హాలీ సిక్కా పుట్టుబరువే 11.18 గ్రాములని చెబితే వినడు.

"మరి జెవాన్స్ చెప్పలేదూ?" అని ఎదురడుగుతాడు, చదువుకున్నవాడే కదా. నిజమే. ఇంగ్లండులో ఆ అర్థశాస్త్రవేత్త బంగారు సవరన్ల అరుగుదల లెక్కగట్టి, సుమారు 18 ఏళ్లలో సవరను చట్టం ఒప్పుకునే బరువు కంటే తగ్గిపోతుందని 1868లో తేల్చాడు. కానీ అది చెలామణిలో ఉన్న నాణేల గుంపు నుంచి తీసిన సగటు. ఊరి సగటు ఎత్తును బట్టి ఎదుటివాడి వయసు చెబితే ఎలా ఉంటుందో, ఒక్క రూపాయిని తూచి దాని చరిత్ర చెప్పడమూ అలాగే ఉంటుంది. మనకు మిగిలిన నాణేలు సగటుకైనా పనికిరావు: బరువైనవాటిని ఏరి కరిగించినవాళ్లున్నారు, 1940లో రూపాయిలో వెండి సగానికి దిగాక పాతవాటిని దాచుకున్నవాళ్లూ ఉన్నారు. మెడలో వేసుకోవడానికి కొక్కెం అతికించి తర్వాత ఊడదీసిన రూపాయైతే, అంటుకున్న టంకంతో తులానికి మించినా మించుతుంది.

ఇంతకీ బాబాయి దొరికిన ప్రతి నాణేన్నీ చింతపండుతో నానబెట్టి, బ్రష్షుతో తళతళా తోముతాడు. నాణెం మీది నలుపు వెండి గంధకంతో కలిస్తే ఏర్పడే పొర. దాన్ని గీకితే వెండీ పోతుంది. సంతలు వదిలిపెట్టిన తరుగును ఆయనే పూర్తి చేస్తున్నాడన్నమాట. మీ ఇంట్లో పాత రూపాయి ఉంటే ఆయన చేత తూకం వేయించండి, ముచ్చటపడతాడు. తోమడానికి మాత్రం ఇవ్వకండి.