పొదుగు గంపను నేను

గోదావరి గట్టు దిగువన ఒక ఊళ్లో, పెంకుటింటి వెనక వసారాలో ఉంటాను. మేదరి చేతిలో తయారై, సంతలో అమ్ముడుపోయి ఈ ఇంటికొచ్చి ఆరేళ్లయింది. వచ్చిన రోజే ఈ ఇంటి అత్తాకోడళ్లలో అత్త నా అడుగునా, పక్కల సగం దాకానూ పేడ అలికి ఎండబెట్టింది. సందులు పూడితే పొదిగే కోడికి ఈదరగాలి కొట్టదు. అప్పట్నుంచీ నాకు రెండే పనులు. వెల్లకిలా పెడితే పొదుగు గూడును, బోర్లిస్తే పిల్లలకు కాపలాను. ఈ ఆరేళ్లలో ఎన్ని పిల్లలు నా గడ్డి మీద కళ్లు తెరిచాయో లెక్కపెట్టలేదు. పోయిన మార్గశిరంలో పుట్టిన ఒక్కదాన్ని మాత్రం మరిచిపోలేను.

అత్త 13 గుడ్లు పెట్టింది. బేసి లెక్క ఆమెకు తప్పనిసరి. అడుగున బూడిద, పైన వరిగడ్డి, పేలు పట్టకుండా నాలుగు వేపరెమ్మలు, ఉరుములకు గుడ్లు చెడతాయన్న నమ్మకంతో ఒక బొగ్గుముక్క. ఏడో రాత్రి కోడలు ఒక్కో గుడ్డునూ టార్చిలైటు మీద పెట్టి చూసింది. ఎర్రటి నరాలు కనబడ్డవి మళ్లీ నాలోకొచ్చాయి. వట్టివి రెండు తీసేసింది.

పదిహేడో రాత్రి జెర్రిపోతు వచ్చింది. కోడి గొల్లున అరిచి చీకట్లోకి ఎగిరిపోయింది. ఇంట్లోవాళ్లు లేచి పామును తరిమేలోపే రెండు గుడ్లు పోయాయి. వెతికినా కోడి దొరకలేదు. మిగిలిన తొమ్మిదింటి మీద ఒక గోనెపట్టా అయినా కప్పాలని ఆ కంగారులో ఎవరికీ తోచలేదు. గుడ్లు ఒక్కొక్కటే చల్లబడుతుంటే నా బద్దలకు తెలుస్తూనే ఉంది. తెల్లారాక కోడి తనంతట తనే వచ్చి కూర్చుంది.

చలి తగిలిన గుడ్డు ఆలస్యంగా పగులుతుంది. 21వ రోజు గడిచినా చప్పుడు లేదు. 22వ రోజు అయిదు పిల్లలు వచ్చాయి. మర్నాడు ఎండెక్కగానే కోడి ఆ అయిదింటినీ వెంటేసుకుని పెరట్లోకి దిగిపోయింది. నడిచే పిల్లల వెంటే తల్లి పోతుంది, దాని తప్పేం లేదు. నాలో నాలుగు గుడ్లు మిగిలాయి. రెండు మూగవి. రెండింటికి మాత్రం పెసరగింజంత బీటలు, లోపల్నుంచి సన్నగా కీచు కీచుమని.

అత్త ఒక గుడ్డు తీసి గోరు ఆనించింది.

"ఉండత్తా, ముట్టుకోకు. పోయినేడు ఏమైందో గుర్తులేదా?" అంది కోడలు.

నాకు గుర్తుంది. అంతకు ముందేడు ఇలాగే జాలిపడి పెంకు వొలిచారు. పొరలో నరాలు తెగి, పిల్ల నా గడ్డి మీదే నెత్తురోడి చచ్చిపోయింది. పిల్ల ముందు గుడ్డు లోపలి గాలిగదిలోకి ముక్కు పొడిచి ఊపిరి అందుకుంటుంది. తర్వాత పెంకుకు బీటపెట్టి, ఒక్కోసారి పగలూ రాత్రీ అలాగే ఆగిపోతుంది. మనకది నీరసంలా కనిపిస్తుంది. ఆ సమయంలోనే పొరలోని నెత్తురు పిల్లలోకి ఇంకుతుంది, పచ్చసొన కడుపులోకి చేరుతుంది. అది పూర్తికాకుండా వొలిస్తే చంపినట్టే.

పక్కింట్లో రాజేంద్రనగర్ కోళ్ల పరిశోధన సంస్థ వాళ్ల రకాలు పెంచుతారు, వనరాజ, గ్రామప్రియ. ఆ పిల్లలకు తల్లి ఉండదు, బల్బే తల్లి. కోడలు అక్కణ్నుంచి 60 వాట్ల పాత బల్బు తెచ్చి, దూలానికి కట్టి, గడ్డికి జానెడున్నర ఎత్తున నాలోకి దింపింది. నా మూతి సగానికి గోనెపట్టా కప్పింది. పొర ఎండి పిల్లకు అతుక్కోకుండా గోరువెచ్చటి నీళ్లలో తడిపి పిండిన గుడ్డ గుడ్ల పక్కన పరిచింది. ఇక చూడటమే.

ఆ రాత్రి కరెంటు పోయింది. ఇద్దరూ వేడినీళ్లు సీసాల్లో పోసి, పాతచీర చుట్టి గుడ్లకు రెండు పక్కలా పెట్టారు. చల్లారినప్పుడల్లా మార్చారు. తెల్లవారుజామున ఒకటి, పొద్దెక్కాక ఒకటి, రెండూ తమంతట తామే బయటపడ్డాయి.

మొదటిది మెడ నిలపలేకపోయింది. మూడో పొద్దున చూస్తే గడ్డిలో చల్లగా పడి ఉంది. రెండోదాని కాళ్లు చెరో పక్కకీ జారిపోతున్నాయి. కోడలు చీర అంచు సన్నగా చింపి, రెండు కాళ్లకూ మధ్య కొంచెం ఎడం ఉంచి వదులుగా ముడేసింది. కాళ్లకు పట్టు దొరకాలని గడ్డి తీసి గోనెగుడ్డ పరిచింది. అత్త పిల్ల నోట్లో నీళ్లు పొయ్యబోతే వద్దంది. ఊపిరితిత్తుల్లోకి పోతే అంతే సంగతులు. బెల్లం కలిపిన గోరువెచ్చటి నీళ్లలో ముక్కు కొస మాత్రం ముంచింది. పిల్ల తల పైకెత్తి గుటక వేసింది. ఆ గుటక చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. తిండికి తొందరపడలేదు. కడుపులో పచ్చసొన ఉంటే రెండు రోజులు ఆగగలదు, వేడి లేకపోతే ఒక్క రాత్రి ఆగలేదు. మూడో రోజు నూకలు చల్లారు. వెనక రెట్ట గడ్డకట్టి అంటుకుపోతే అత్తే వెచ్చటి తడిదూదితో నానబెట్టి తుడిచింది. పిల్ల రొప్పితే బల్బు పైకి లాగడం, వణుకుతూ కిందకు చేరితే దించడం, ఇద్దరూ వంతులేసుకున్నారు.

నాలుగో రోజుకు ముడి విప్పితే నిలబడింది. ఆ రాత్రే చీకట్లో తల్లి రెక్క కిందకు తోశారు. పగలైతే పొడిచేదేమో, రాత్రి చేరినదాన్ని పొద్దున తనదే అనుకుంది. ఏడో రోజు కొక్కెర తెగులు టీకా కంట్లో చుక్క వేయించారు, ఆరింటికీ.

ఇంట్లో కోళ్లున్న అమ్మలూ, పగిలిన గుడ్డులో పిల్ల కీచుమంటుంటే గోరు దగ్గరకు తీసుకుపోకండి. వెచ్చదనం ఇచ్చి ఒక రాత్రి ఆగండి. నెత్తురు కళ్లజూసినదాన్ని గనుక అడుగుతున్నాను.

ఆ పిల్ల ఇప్పుడు పెట్ట అయింది. మళ్లీ మార్గశిరం వచ్చింది. అత్త 11 గుడ్లు పెట్టి దాన్నే నాలో కూర్చోబెట్టింది. ఇవాళ తొమ్మిదో రోజు.