వంద పౌండ్ల వ్యవహారం

మా ఇంట్లో అల్యూమినియం అంటే సిల్వరు గిన్నె. సొట్టపడితే పాత సామాన్లవాడికి వేసి ఉల్లిపాయలు తీసుకునేవాళ్లం. అందుకే డెట్రాయిట్ శివార్లలో కాపురం పెట్టాక, మజిల్ కార్ల పిచ్చి ఉన్న పక్కింటాయన "అల్యూమినియం బ్లాకు" అంటూ కళ్లు మూసుకుంటే నాకు భక్తి కుదరలేదు.

ఆయన దేవుడు 1969 షెవర్లే కమారో జెడ్ఎల్1. 427 క్యూబిక్ అంగుళాల ఇంజిను, బ్లాకూ హెడ్లూ అల్యూమినియమే. ఇనుప బ్లాకున్న ఎల్88 ఇంజిను కంటే సుమారు వంద పౌండ్లు, అంటే 45 కిలోలు తేలిక. "మీరు ఆ కారెక్కకపోతే అంతకంటే ఎక్కువే తగ్గుతుంది కదండీ" అంది మా ఆవిడ.

ఎదురింటాయన ఇనుప పార్టీ. "ఆ బ్లాకు లోపల పిస్టన్లు రాసుకునే స్లీవులు దేనివో అడుగు" అంటాడు. ఇనుపవే! పోనీ బలంలో తేడానా అంటే, రెండు ఇంజిన్లకీ షెవర్లే కాగితం మీద రాసింది 430 హార్స్‌పవరే. నిజానికి రెండూ 500 దాటేవి. వినయమో, ఇన్సూరెన్సు వాళ్ల భయమో.

నాకు మాత్రం ఫ్రెడ్ గిబ్ అంటే జాలి. ఇల్లినాయ్‌లో లాహార్ప్ అనే చిన్న ఊళ్లో షెవర్లే డీలరు. డ్రాగ్ రేసుల మోజులో ఏకంగా 50 జెడ్ఎల్1 కార్లు ఆర్డరిచ్చాడు. తీరా బిల్లు చూస్తే ఇంజినుకే 4,160 డాలర్లు, కారు మొత్తం 7,200 పైచిలుకు! మామూలు కమారో అప్పట్లో మూడు వేల లోపే. ఆ ఊళ్లో అంత పోసి కొనేదెవరు? చాలా కార్లు కంపెనీకే తిరిగెళ్లాయి. మొత్తం తయారైనవే 69. ఇప్పుడు వేలంలో మిలియన్ డాలర్లు పలికినవీ ఉన్నాయి.

వాదనలో ఓడిపోతున్నాననిపిస్తే ఎదురింటాయన షెవర్లేదే 1971 వేగా కారు సంగతి బయటికి తీస్తాడు. దానికి అల్యూమినియం బ్లాకు, ఇనుప హెడ్డు. స్లీవుల్లేవు. వేడెక్కిందా, సిలిండర్లు పాడై ఆయిలు తాగేది. పక్కింటాయనకి వెంటనే ఇంట్లో పనులు గుర్తొస్తాయి.

ఆగస్టులో వుడ్‌వర్డ్ డ్రీమ్ క్రూజ్ అనే పాత కార్ల ఊరేగింపుకి ముగ్గురం వెళ్లాం. ఒకాయన బానెట్ ఎత్తి, తళతళలాడే ఇంజిను చూపిస్తూ మొత్తం అల్యూమినియమే అన్నాడు. ఎదురింటాయన మా ఫ్రిజ్ మీంచి అడిగి తెచ్చుకున్న చార్మినార్ మ్యాగ్నెట్‌ని జేబులోంచి తీసి బ్లాకుకి ఆనించాడు. టక్కున అతుక్కుంది. బండాయన ఎండ మండిపోతోందంటూ బానెట్ దించేశాడు. లోపలున్న మా చార్మినార్ సంగతి ఎత్తేలోపే స్టార్ట్ చేసి వెళ్లిపోయాడు.