దక్షిణం దిక్కుకు నడిచిన మిషను

ధర్మపురికి వచ్చినవాళ్లకు యమపురి ఉండదంటారు. నరసింహస్వామి గుడి దగ్గరే యమధర్మరాజుకూ గుడి ఉంది కాబట్టి, మనుషుల సంగతి ఆయన చూసుకుంటాడు. మా లాండ్రీ సామానును మాత్రం ఎన్నడూ చూడలేదు.

దుకాణంలో అందరికంటే పెద్దది బొగ్గుల ఇస్త్రీ పెట్టె. తాత కాలందది. దానికి చెడిపోవడం రాదు, చెడగొట్టడమే వచ్చు. బొగ్గులు సరిగా రాజుకోకముందే పని మొదలుపెడితే నిప్పురవ్వ ఎగిరి అంగి మీద పడేది. బాపు ఆ చిల్లిని వెలుతురుకు పట్టి చూసి, "ఎలుకల పని" అని తేల్చేసేవాడు. ఎలుకలు ఇంత గుండ్రంగా కొరుకుతాయని మా గిరాకీలకు మా దుకాణంలోనే తెలిసింది.

తర్వాత కరెంటు పెట్టె వచ్చింది. ఒకరోజు దాని థర్మోస్టాట్ పత్తీ అతుక్కుపోయింది. బిళ్ల చూస్తే నైలాన్ దగ్గరే ఉంది, వేడి మాత్రం నూలును దాటిపోయింది. బడిపంతులు టెర్లిన్ అంగి కాలరు పెట్టెకు అంటుకుని ఊడొచ్చింది. "కాలరు లేకుంటే గాలి మంచిగొస్తది సారూ" అంది అవ్వ. ఆయన లెక్కల సారు. ఆ నెల పైసల్లో కాలరు తీసేసి ఇచ్చాడు.

(నీలిమందు ఎక్కువై అయ్యగారి దోతి కృష్ణుడి రంగు తేలిన కథ యంత్రాల కిందికి రాదు, వదిలేస్తున్నా.)

2015 జూలై 14న పుష్కరాలు మొదలయ్యాయి. గోదావరి ఒడ్డున కాలు మోపే సందు లేదు, ఇక బట్టలుతికే బండ ఎక్కడిది? బాపు జగిత్యాల పోయి రెండు తొట్ల పాత మిషను తెచ్చాడు. అవ్వ పసుపు కుంకుమ పెట్టింది. తడి దోతులన్నీ పిండే తొట్లో ఒకే పక్కకు కుక్కింది మాత్రం నేనే. షాబాద్ బండల నేల ఎత్తుపల్లాలు, పైగా మిషను కాళ్లలో ఒకటి పొట్టి. తొట్టి తిరగడం అందుకోగానే దానికి పూనకం వచ్చింది. గడగడ వణుకుతూ గడప దాకా నడిచింది. అవ్వ దండం పెట్టి, "ఏం గావాల్నో చెప్పు తల్లీ" అనడిగింది. వైరు చాలక ప్లగ్గు ఊడి, తల్లి శాంతించింది.

"దక్షిణం దిక్కుకు పోతాందిరో!" అన్నాడు బాపు. మా ఊళ్లో గోదావరి దక్షిణానికే పారుతుంది. యముడి దిక్కూ అదే. ఎవరి కోసం బయల్దేరిందో ఇప్పటికీ తేలలేదు.

2021 ఏప్రిల్ నుంచి లాండ్రీలకు నెలకు 250 యూనిట్లు ఉచితమన్నారు. వెయ్యి వాట్ల పెట్టె గంట కాలితే ఒక యూనిట్. బాపు వేళ్ల మీద లెక్కేసి, "రెండొందల యాభై గంటలా! గన్ని అంగీలు ఊళ్లె ఉన్నయారా?" అని దిగులుపడ్డాడు.

కొత్త మీటరు బిగించడానికి వచ్చిన పిల్లగాడు ముందుగా కరెంటు తీసేశాడు. సాయంత్రం పెండ్లికి పోవాలట, సంచిలోంచి నలిగిన తెల్లంగి తీసిచ్చాడు. బాపు అటక మీది బొగ్గుల పెట్టె దించి, కొబ్బరి చిప్పలేసి రాజేశాడు.

"జర పైలం బాపూ, నిప్పులు పడ్తయి" అన్నాను.

పిల్లగాడి చెవిన పడింది. "పడ్తే ఎట్లనే?"

బాపు తలెత్తకుండానే, "మా ఊళ్లె ఎలుకలు జర ఎక్కువ బిడ్డా" అన్నాడు.