పీవీసీ పెట్టుబడిదారులు

జపాన్ యానిమే బొమ్మను 25,000 యెన్లు, అంటే సుమారు 14 వేల రూపాయలు పోసి కొన్న కుర్రాణ్ణి ఎందుకు కొన్నావని అడిగి చూడండి. నచ్చింది కాబట్టి కొన్నానని చచ్చినా అనడు. "రెండేళ్ళాగితే రేటు డబులండీ" అంటాడు. ఏడో వంతు స్కేలులో జానెడు ఎత్తున్న పీవీసీ పిల్ల బంగారం, కోకాపేట ప్లాటుల సరసన చేరిపోయిందన్నమాట. ఆశపడి కొనడం సిగ్గు, లాభానికి కొనడం తెలివి అన్న చదువు వీళ్ళకెవరు చెప్పారో గానీ బాగా వంటబట్టింది.

పెట్టుబడి అన్నారు కాబట్టి ఆ లెక్కే చూద్దాం. సరుకు చేతికి రావడానికి చాలాసార్లు ఏడాది ముందే ప్రీ-ఆర్డర్ పెట్టాలి. అప్పుడు చూపించేది ఫొటోలే. అందులో ఉండేది నిపుణుడెవరో కూర్చుని చేత్తో రంగులద్దిన నమూనా. చిబాలోని మకుహరి మెస్సేలో ఏటా రెండుసార్లు జరిగే వండర్ ఫెస్టివల్ బొమ్మల ప్రదర్శనలో అద్దాల వెనక మెరిసేదీ అలాంటి నమూనానే. అదే రూపం చైనా ఫ్యాక్టరీలో వేల సంఖ్యలో తయారై వచ్చేసరికి కనుబొమ్మ ఒక వెంట్రుకవాసి జరగొచ్చు, జడలో అతుకు గీత తేలొచ్చు. స్టూడియో ఫొటో చూసి పెళ్ళి ఖాయం చేసుకున్నవాడి పరిస్థితే. తాంబూలాలిచ్చేశాక మాట్లాడకూడదు.

సరే, వచ్చింది. ఇప్పుడు తెరవకూడదు! తెరిస్తే ధర పడిపోతుంది. టోక్యోలో నకానోలోని మందారకే లాంటి పాతసరుకు దుకాణాల్లో పెట్టె మూల నలిగినా ఆ సంగతి చీటీ మీద రాసి ధర తగ్గిస్తారు. కాబట్టి మన పెట్టుబడిదారుడు హట్సునే మికు అనే పాటల పాత్ర బొమ్మను కొని, అట్టపెట్టెను అటక మీద దాచుకుని, దానికి మళ్ళీ ప్లాస్టిక్ తొడుగు తొడుగుతాడు. తెరిచినవాడికి వేరే కష్టాలు. మెత్తదనం కోసం పీవీసీలో కలిపిన రసాయనం మెల్లగా పైకి ఊరి, ఒళ్ళంతా జిగురై దుమ్ము పట్టుకుంటుంది. ఎండ తగిలితే రంగు వెలుస్తుంది. ఒంటికాలి మీద నిలబెట్టిన వీరనారి మన మే నెల వేడికి మెల్లగా గోడకి చేరగిలబడుతుంది.

అన్నిటికన్నా వినోదం రీ-రిలీజ్ రోజున చూడాలి. గిరాకీ బాగుందనుకుంటే గుడ్ స్మైల్ లాంటి కంపెనీలు పాత ఫిగర్‌నే మళ్ళీ విడుదల చేస్తాయి. మూడు రెట్లకు అమ్ముదామని పట్టుకూర్చున్నవాడి నెత్తిన ఆ పూటే తడిగుడ్డ పడుతుంది. "మార్కెట్‌ని నాశనం చేశారు" అని గగ్గోలు. ఏ మార్కెట్ నాయనా? అచ్చు వాళ్ళ దగ్గరుంది, తయారీ హక్కులు వాళ్ళ దగ్గరున్నాయి, నీ దగ్గరున్నది అట్టపెట్టె. సరిగ్గా అదే రోజు, మొదటిసారి డబ్బు చాలక వదులుకున్న అభిమాని ఆనందంతో గంతులేస్తుంటాడు. ఆ బొమ్మ మీద ఇష్టం ఎవరికుందో తేల్చడానికి ఇంతకన్నా మంచి పరీక్ష నాకు తెలియదు.

అన్నట్టు, ఆ పాత్ర ముఖం మీద అంత మోజే ఉంటే క్రేన్ గేముల్లో బహుమతిగా ఇచ్చే ప్రైజ్ ఫిగర్లున్నాయి. బయట కొన్నా దాదాపు పదో వంతు ధరకే దొరుకుతాయి. 'రీ:జీరో' యానిమేలోని రెమ్‌కైతే టైటో, సెగా, ఫ్యూర్యూ కంపెనీలు కలిసి వేయని వేషం లేదు. రంగుల్లో నీడలు అంతగా ఉండవు, బట్టల మడతలు మొద్దుగా ఉంటాయి, నిజమే. ఖరీదైన ఫిగర్లు చేసే ఆల్టర్ కంపెనీ బొమ్మ పక్కన పెట్టి చూస్తే తేడా ఇట్టే తెలుస్తుంది. ఆ తేడాను రోజూ చూసి మురిసే కళ్ళున్నవాడు 14 వేలు పెట్టినా నాకు అభ్యంతరం లేదు. వాడికి పెట్టె చివరికి చెత్తబుట్టలోకి పోయినా ఒకటే. చూడటానికి కూడా తీయనివాడు పనితనం గురించి ఉపన్యాసమిస్తేనే ఒళ్ళు మండుతుంది.

ఇక పార్శిల్ మన దేశం గడప తొక్కాక మిగతా కథ. బొమ్మల మీద దిగుమతి సుంకం 2020లో 20 నుంచి 60 శాతానికి ఎక్కింది, 2023లో 70 అయింది. కుర్రాడేమో ఇది బొమ్మ కాదు, కళాఖండం అని ఏడాదిగా ఇంట్లో వాదిస్తున్నాడు. కస్టమ్స్ ఆఫీసరు పెట్టె వంక ఒకసారి చూసి దాన్ని బొమ్మల పద్దులో రాశాడంటే, ఈ విషయంలో వాళ్ళమ్మకీ భారత ప్రభుత్వానికీ ఏకాభిప్రాయం కుదిరినట్టే. అమ్మ తిట్టి ఊరుకుంటుంది, అంతే తేడా.