బాయి రూఫు ఆగింది, ఇంటి రేకు కారింది

నేను బొగ్గుబాయిలో సపోర్టు పనిచేసి రిటైరైనవాణ్ని. రూఫుకు రంధ్రం వేసి, సిమెంటు క్యాప్సూళ్లు తోసి, బోల్టు దిగ్గొట్టి, తలమీద వందల అడుగుల బండను నిలబెట్టిన చేతులివి. గోదావరిఖనిలో మా ఇంటి వెనక వంటకు వేసుకున్న రేకుల షెడ్డు మాత్రం వాన పడితే చాలు, సరిగ్గా పొయ్యి మీదే కారేది. "బాయిల గుట్టను ఆపినోడివట, గీ చుక్కను ఆపరాదా?" అని గిన్నె పెట్టినప్పుడల్లా మా ఆవిడ అడిగేది.

నా వైద్యం ఎప్పుడూ ఒకటే, పాతదాని మీద కొత్తది పూయడం. బ్లాస్టింగ్ అదురుకు రేకు కదులుతోందని దబాయించేవాణ్ని. అదే అదురు పక్కింటికీ ఉంది, వాళ్ల రేకులు చుక్క కారవు. ఆ మాట ఎవరైనా ఎత్తేలోపు నాకు బజార్లో పని గుర్తొచ్చేది.

ఈ ఎండాకాలం పాతదంతా గీకి పారేద్దామని రేకులెక్కాను. మా గోదావరిఖని బాయిల్లో బొగ్గు సీములకు, అంటే పొరలకు, పైనుంచి కిందికి నంబర్లుంటాయి. రేకు కారే చోట నేను బిగించిన బోల్టు చుట్టూ కూడా సీములే తేలాయి. ఒకటోది 2023 డిసెంబరు కార్మికుల గుర్తింపు సంఘం ఎన్నికల ఫ్లెక్సీ ముక్క. అందులో మనిషి పోయి, దండం పెట్టే చేతులు మిగిలాయి. రెండోది సిలికాన్, మూడోది ఎమ్‌సీల్, అన్నిటికీ అడుగున తారు.

సిలికాన్ గట్టిపడ్డాక కిరోసిన్‌కు లొంగదు, థిన్నర్‌కు కరగదు. బ్లేడుతో అంచు కోసి లాగితే కొంత సాగుతూ వస్తుంది, మధ్యలో తెగుతుంది. రేకుకు అంటుకున్న పల్చటి పొరను ఓపిగ్గా గీకాల్సిందే. ఆ పొర ఉంటే దాని మీద కొత్త సిలికాన్ నిలవదు. ఇన్నేళ్లూ నేను సిలికాన్ మీదే సిలికాన్ పూసి, ట్యూబు నకిలీదని షాపాయనతో కొట్లాడాను! బాయిలో మొదటి పాఠమే ఇది కదా: రాడ్డుతో రూఫును కొట్టి చూడాలి, బోలుగా మోగితే ఆ లూజు బండను దింపాకే సపోర్టు. లూజు వదిలేసిన కుర్రాళ్లను నోటికొచ్చినట్టు తిట్టినవాణ్ని నేనే.

ఎమ్‌సీల్‌ది ఇంకో తీరు. ఎండకు రేకు సాగుతుంది, రాత్రికి ముడుచుకుంటుంది. రాయైపోయిన ఎమ్‌సీల్ దానితో పాటు కదలదు. అంచున వెంట్రుకంత చీలిక వస్తుంది, నీళ్లకు అది చాలు. దాన్ని సుత్తి, ఉలి పెట్టి ఊడగొట్టాను.

తారును మిట్టమధ్యాహ్నం ముట్టొద్దని మా ఆవిడ చెప్పింది. బాయి దిగినోడికి ఎండొక లెక్కా అని ఎక్కాను. మే నెల రామగుండం ఎండకు తారు కరిగి బ్లేడుకి, బ్లేడు నుంచి చేతికి, చేతి నుంచి లుంగీకి పాకింది. ఎడమకాలి చెప్పు రేకుకే అతుక్కుంది. ఒంటి చెప్పుతో దిగిన నన్ను చూసి, "బొక్కను చెప్పుతోని మూసినవా?" అంది. తెల్లారి, మొదటి షిఫ్టు వాళ్లు బయల్దేరే వేళకు ఎక్కితే, అదే తారు చల్లబడి గట్టిపడి పెచ్చులుగా లేచింది. మిగిలిన మరకను కిరోసిన్ గుడ్డతో తుడిచాను, బీడీ ముట్టించకుండా.

అంతా పోయాక అసలు రోగం బయటపడింది. రేకుకు బోల్టు గట్టు మీద బిగించాలి, నీళ్లు పారే గాడిలో కాదు. నాది గాడిలో ఉంది. షెడ్డు వేసిననాడు మేస్త్రీ వద్దంటే, "రూఫు బోల్టు సంగతి నాకు చెప్తవా?" అన్నది నేనే.

ఆ రేకు తీసేసి కొత్తది వేయించాం, రబ్బరు వాషర్లతో, గట్టు మీద. బిగించింది మేస్త్రీ. నాకు నిచ్చెన పట్టుకునే డ్యూటీ వేశారు.

మీవి పాత సిమెంటు రేకులైతే మాత్రం దయచేసి గీకకండి, రుద్దకండి. వాటిలో ఆస్బెస్టాస్ ఉంటుంది, ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రమాదం. బొగ్గుబాయిల వాళ్లం పీల్చిన దుమ్ము ఇప్పటికే చాలు.